దప్పిక కాకముందే

(వేసవి క్యాంపుకు పోబోతున్న స్కౌట్లు, గైడ్లు, వాళ్ల తల్లిదండ్రులతో ఒక రిటైర్డ్ గైడ్ కెప్టెన్ (గైడ్ల దళాన్ని నడిపే టీచరు) తిరుపతిలో మాట్లాడిన మాటలివి. ఆ పొద్దు రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగు విని రాసి పెట్టినాం.)

అందరికీ నమస్కారం. కరెంటు పోయింది, మైకు పని చేయదు. ఫర్వాలేదు, ముప్పై నాలుగేళ్లు క్లాసుల్లో అరిచిన గొంతు ఇది. ఆ స్తంభం పక్కన కూర్చున్న అబ్బాయీ, వినపడుతోందా నాయనా? సరే. ఫ్యాన్లు కూడా ఆగినాయి కాబట్టి నేను చెప్పేది మీకు ఇంకా బాగా ఎక్కుతుంది.

ముందు పిల్లల్ని ఒకటి అడుగుతాను. పొద్దున లేచినప్పటినుంచి ఇప్పటిదాకా ఎవరెవరు నీళ్లు తాగినారు? చేతులెత్తండి. పాలు, కాఫీ లెక్కలోకి రావు. నీళ్లు. ఇంతేనా? యాభై మంది దాకా ఉన్నారు, చేతులు చూస్తే డజను కూడా లేవు. ఎందుకు తాగలేదంటే మీరు ఏం చెప్తారో నాకు తెలుసు. దప్పిక కాలేదు మేడమ్. అంతే గదా? ఈ రోజు నేను మాట్లాడబోయేదంతా ఆ ఒక్క మాట మీదనే. దప్పిక అయ్యేసరికే ఒంట్లో నీళ్లు కొంత తగ్గిపోయి ఉంటాయి. ఆలస్యంగా వచ్చే ఉత్తరం లాంటిది అది. దానికోసం కాచుకుని కూర్చుంటే మనం మోసపోతాం.

మే మొదటి వారంలో క్యాంపు. అయిదు రోజులు, చంద్రగిరి అవతల, కొండ కింద మామిడి తోపులో. అంటే కత్తిరి, నిప్పులు చెరిగే ఎండలు, మొదలయ్యే రోజులు. మే 4 ప్రాంతంలో మొదలైతే నెలాఖరు దాకా కత్తిరే. దాని వెనకాలే రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. కొందరు తల్లులు నాకు ఫోన్ చేసి అడిగినారు, ఇంత ఎండలో ఎందుకు మేడమ్, డిసెంబర్లో పెట్టుకోకూడదా అని. పెట్టుకోవచ్చు. డిసెంబర్లో స్కూలు వదలదు, పరీక్షలు వదలవు. పిల్లోళ్లకు సెలవులు దొరికేది ఎండాకాలంలోనే. ఇంకో మాట కూడా ఉంది. వీళ్లు బతకబోయేది ఈ ఊర్లో, ఈ ఎండలో. దాన్ని ఎట్లా మోయాలో నేర్పకుండా ఏసీ గదిలో దాచిపెడితే ఎన్నాళ్లు దాస్తాం?

మనకు ఈ క్యాంపు అనే అలవాటు యాడినుంచి వచ్చింది? 1907 ఆగస్టులో, ఇంగ్లండులో బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో, స్కౌట్లను మొదలుపెట్టిన బేడెన్ పవెల్ దొర ఓ ఇరవై మంది పిల్లల్ని తీసుకుపోయి గుడారాలు వేయించినాడు. అది మొదలు. చుట్టూ సముద్రం, చల్ల దేశం. సాయంత్రమైతే చలిమంట చుట్టూ కూర్చుని పాటలు పాడుకుంటే వాళ్లకు హాయి. ఆ దొరకు మన ఎండ తెలియదని కాదు, పంతొమ్మిదేళ్ల వయసులోనే, 1876లో, సైన్యంలో చేరి లక్నోకు వచ్చినాడాయన. కానీ మనకు చేరిన అలవాట్లు మాత్రం ఆ చల్ల దేశపు అలవాట్లే. మోకాళ్లదాకా మేజోళ్లు, మధ్యాహ్నం గుడారంలో విశ్రాంతి, రాత్రి మంట. కత్తిరి ఎండలో మధ్యాహ్నం రెండు గంటలకు ప్లాస్టిక్ గుడారంలోకి ఎప్పుడైనా దూరి చూసినారా? ఇడ్లీ కుక్కరే.

మన పక్క మదనపల్లెలో 1915లో కాలేజీ పెట్టిన అనీబిసెంటమ్మ ఉంది చూడండి, భారతీయుల పిల్లల్ని స్కౌట్లలో చేర్చుకోము అని ఆ కాలంలో అంటే, మీరు చేర్చుకోకపోతే పోండి, మేమే పెట్టుకుంటాం అని 1916-17లో మద్రాసులో మొదలుపెట్టింది. తర్వాత రకరకాల సంఘాలు కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయినాయి. ఎందుకు చెప్తున్నానంటే, ఆమె పరాయి దేశంలో పుట్టి కూడా దీన్ని మన దేశానికి తగ్గట్టు మార్చుకున్నది. మనం మన ఎండకు తగ్గట్టు మార్చుకోలేమా?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అదిగో, ఆ మూలలో కుండ ఉంది చూడండి. ఇసుక మీద పెట్టి, తడిగుడ్డ చుట్టినారు. అందులో నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయి? ఎవరైనా చెప్పండి. ఊఁ, ఆ పాప చెప్పింది వినండి. కుండకు కంటికి కనపడని చిల్లులుంటాయి, వాటిలోంచి నీళ్లు బయటికి చెమరుస్తాయి, గాలికి ఆరేటప్పుడు వేడిని తీసుకుపోతాయి. శెభాష్. ఏ క్లాసమ్మా? ఏడో? మంచిది.

మీ ఒళ్లు కూడా కుండే. చెమట పట్టడం కాదు, ఆ చెమట ఆరడం మనల్ని చల్లబరుస్తుంది. ఇది గుర్తుంటే మిగతావన్నీ నేను చెప్పకుండానే మీకు తెలిసిపోతాయి. అదే కుండకు పైన రంగు పూసినారనుకోండి, అందంగా ఉంటుంది, నీళ్లు చల్లబడవు. అంగళ్లలో పూలు వేసి అమ్ముతారు చూడండి, కొనుక్కుని పోయి తర్వాత తిట్టుకుంటాం. మీ నైలాన్ జెర్సీ ఆ రంగు లాంటిది. క్రికెట్ ఆటగాడి పేరు రాసి ఉంటుంది, బిగుతుగా ఉంటుంది, చెమటను ఒంటికి అంటించి పెడుతుంది. కుండను తలుపులేసిన బీరువాలో పెడితే? గాలి లేదు, చల్లబడదు. మూసిన గుడారం ఆ బీరువానే. వాన వచ్చే ముందు ఉక్కపోసే రోజుల్లో కుండ నీళ్లు అంత చల్లగా ఉండవు, గమనించినారా? గాలిలోనే తేమ నిండిపోతే మన చెమట యాడికి పోతుంది? అందుకే థర్మామీటర్లో 38 చూపించినా, ఉక్క రోజు 42 కన్నా ఎక్కువ బాధపెట్టొచ్చు. మేఘం పట్టింది గదా, ఎండ లేదు గదా అని ఆ రోజు పిల్లల్ని ఎక్కువ పరిగెత్తిస్తాం. అక్కడే దెబ్బ తింటాం.

ఇంక కుండలో నీళ్లే లేకపోతే? దానికి నేను జవాబు చెప్పాల్సిన పని లేదు.

పిల్లలది చిన్న కుండ. పెద్దోళ్ల కన్నా వాళ్లకు చెమట తక్కువ పడుతుంది, ఒళ్లు తొందరగా వేడెక్కుతుంది. నాకేం కాలేదు గదా, వాడికేం అవుతుంది అని తండ్రులు అనుకోవద్దు.

కొత్త కుండ కొన్న రోజే నీళ్లు పోసుకుని తాగుతామా? నానబెడతాం. కడుగుతాం. రెండు మూడు పూటలు నీళ్లు మార్చి పారబోస్తాం. క్యాంపుకు పోయే పిల్లకు కూడా ఆ నానబెట్టడం కావాల. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి ఒక వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో లోపల ఏం జరుగుతుందంటే, చెమట ముందుగా మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఒంట్లో నెత్తురు నీరు పెరుగుతుంది, గుండె అంత వేగంగా కొట్టుకోనక్కరలేదు. ఇవన్నీ మాత్ర వేసుకుంటే వచ్చేవి కాదు, అంగట్లో కొనేవి కాదు.

మీరు ఏం చేస్తారు? పరీక్షలు అయిపోయినాయి, పిల్ల ఏసీ గదిలో ఫోన్ పట్టుకుని పడుకుంది. పదిహేను రోజులు అట్లా పడుకుని, పదహారో రోజు పొద్దున బ్యాగు తగిలించి బస్సెక్కిస్తారు. నేరుగా మామిడి తోపులోకి. ఇది న్యాయమేనా?

ఇప్పటినుంచి రోజూ సాయంత్రం అయిదు గంటలకు బయటికి పంపండి. మొదటిరోజు ఇరవై నిమిషాల నడక చాలు. రోజుకు అయిదు, పది నిమిషాలు పెంచండి. వారం దాటినాక బ్యాగు తగిలించి నడిపించండి, అదే బ్యాగు, అదే బూట్లు, అదే నీళ్ల సీసా. కపిలతీర్థం దాకా పోయి రానీ, స్టేడియం చుట్టూ తిరగనీ, మీ వీధిలోనే పది రౌండ్లు వేయనీ. పన్నెండు, మూడు మధ్య వద్దు, మనం ఒళ్లు అలవాటు చేస్తున్నాం, కాల్చడం లేదు. జ్వరమో, విరేచనాలో అయితే ఆ రోజు ఆపేయండి, తగ్గినాక మళ్లీ తక్కువ నుంచి మొదలుపెట్టండి. క్యాంపు ముందు రోజు విరేచనాలైతే నాతో చెప్పండి. దాచి పంపొద్దు. డబ్బులు కట్టేసినాం అని పంపుతారు, నాకు తెలుసు. డబ్బులు వాపసు ఇప్పిస్తాను, పిల్లను పంపొద్దు.

కొత్త బూట్ల గురించి ఒక్క మాట. క్యాంపుకని కొత్తవి కొనొద్దు. కొన్నారా, ఈ రోజే తొడిగించండి. మడమ మీద బొబ్బ లేస్తే ఆ పిల్ల అయిదు రోజులూ వంటపాకలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుంది.

ఉల్లిపాయ అంటే గుర్తొచ్చింది. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని మా అవ్వ కూడా పెట్టేది. పెట్టుకోనీండి, నేనేం వద్దనను. మధ్యాహ్నం దాన్ని తీసి సంగటిలో నంచుకుంటే ఇంకా మంచిది. కానీ ఉల్లిపాయ ఉంది గదా అని నీళ్ల సీసా మర్చిపోతే మాత్రం ఊరుకోను.

నీళ్లు

ఎన్ని నీళ్లు? ఎండలో నడిచేటప్పుడు, ఆడేటప్పుడు ఇరవై నిమిషాలకొకసారి. చిన్నోళ్లకు అర గ్లాసు, పెద్ద పిల్లలకు గ్లాసు. ఒకేసారి లీటరు ఎత్తిపోసుకుంటే కడుపు బరువెక్కి, వాంతి వస్తుంది. పెట్రోల్ లీడర్, అంటే జట్టు నాయకురాలు, విజిల్ వేస్తుంది, అందరూ తాగుతారు. దప్పికైనోళ్లు తాగండి అనకూడదు. అందరూ తాగాల. ఎవరికి చాలినాయో చూసుకునేదానికి ఒక సులువు ఉంది, నవ్వకండి, ఒంటికి పోయినప్పుడు రంగు చూసుకోండి. మజ్జిగ మీద తేలే తేట మాదిరి ఉంటే సరే. పసుపు నీళ్ల మాదిరి ముదిరితే తక్కువైనట్టు. రోజంతా ఒక్కసారే పోయినారంటే ఇంకా తక్కువైనట్టు.

ఇక్కడ ఆడపిల్లల తల్లులతో ఒక మాట చెప్పాల. తండ్రులు కూడా వినండి, వినాల్సిందే. క్యాంపుల్లో ఆడపిల్లలే ఎక్కువ సొమ్మసిల్లి పడటం నేను చూసినాను. బలహీనులని కాదు. వాళ్లు నీళ్లు తాగరు. ఎందుకు తాగరు? మరుగుదొడ్డి దూరంగా ఉంటుంది, గడియ ఉండదు, లైటు ఉండదు, మగపిల్లల గుడారాల ముందునుంచి పోవాల. అందుకని పొద్దున్నించి గుక్కెడు కూడా తాగకుండా బిగబట్టుకుంటారు. బడిలో కూడా అట్నే చేస్తారు, మీ బిడ్డనే అడగండి ఇంటికి పోయినాక. ఈసారి నేను తోపుకు పోయి ముందు చూసింది వంటశాల కాదు, అవి. తలుపుకు గడియ, లోపల బక్కెట్టు, దారిలో లైటు, పక్కన చెత్తబుట్ట. గడియ లేకుండా క్యాంపు మొదలుపెట్టను అని వాళ్లకు చెప్పి వచ్చినాను. నెలసరి రోజులైనా క్యాంపు మానాల్సిన పని లేదు, కావాల్సినవి రెండింతలు పెట్టి పంపండి, నాతో చెప్పమనండి.

చెమటతో నీళ్లొకటే పోవు, ఉప్పు కూడా పోతుంది. అందుకే మనోళ్లు ఉత్త నీళ్లతో సరిపెట్టుకోలేదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకు జాతర చేసి అంబలి పోస్తాం గదా? తల్లి చల్లబడాలని. అంత తల్లికే అంబలి కావాల్సి వస్తే మీ బిడ్డకు కూల్‌డ్రింకు ఎట్లా చాలుతుందనుకున్నారు? క్యాంపులో పదిన్నరకు రాగి అంబలి, ఉప్పేసిన మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు వేసి. మా పిల్ల అంబలి తాగదు మేడమ్ అంటే, ఇప్పటినుంచి తాగించండి.

ఓఆరెస్ పాకెట్లు అయిదు పెట్టి పంపండి. కలిపేది ఎట్లా? పెద్ద పాకెట్టు ఒకటి, లీటరు నీళ్లకు, మొత్తం. గ్లాసులో కొంచెం పొడి, మిగతాది మడిచి జేబులో, అట్లా కాదు. చిక్కగా కలిపితే మేలు చేయకపోగా కీడు చేస్తుంది. పాకెట్టు లేకపోతే ఇంట్లోదే, లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు తల కొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువ వేయొద్దు, కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉండకూడదు. అట్టపెట్టెల్లో తియ్యగా అమ్మే డ్రింకుల మీద ఓఆర్ఎస్ అని రాసేవాళ్లు, గుర్తుందా? అవి అసలు ఓఆర్ఎస్ కాదు, చక్కెర నీళ్లు. హైదరాబాదులో పిల్లల డాక్టరమ్మ ఒకామె ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశం ఇచ్చింది. అయినా మనం చూసి కొనాల. పాకెట్టు వెనక ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లు అని ఉందో లేదో చదవండి.

తిండి గురించి ఎక్కువ చెప్పను. సంగటి, పప్పు, నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం. వండింది వండినట్టు తినేయాల, మిగిలింది సాయంత్రానికి దాచం. ఇంటినుంచి డబ్బాల్లో చికెన్ పంపితే నేను అక్కడే పారబోయిస్తాను, కోపం తెచ్చుకోవద్దు. మామిడి తోపులో క్యాంపు కాబట్టి పుల్లకాయలు తిని కడుపునొప్పి అని ఏడ్చేవాళ్లు ఏటా ఉంటారు, వాళ్లను దేవుడే కాపాడాల.

బట్టలు అన్నీ నూలువి, లేత రంగువి, వదులువి. లోపలి బట్టలు రోజుకు రెండు జతల లెక్కన పెట్టండి. చెమటకు తొడలు ఒరుసుకుని నడవలేక పిల్లలు సిగ్గుతో చెప్పరు, అందుకని చెప్తున్నాను. చెమటకాయలకు పౌడరు దట్టంగా పూయొద్దు, మళ్లీ కుండకు రంగు పూసినట్టే. యూనిఫాం జెండా ఎగరేసేటప్పుడే. తర్వాత విప్పేసి టీషర్టు. స్కార్ఫు మాత్రం వదలొద్దు, తడిపి మెడకు చుట్టుకుంటే దాని అసలు విలువ తెలుస్తుంది. పాత తువ్వాలు ఒకటి, అంచులున్న టోపీ ఒకటి.

మా టైంటేబుల్ కూడా ఇదే లెక్క. తెల్లవారి అయిదుకు లేపుతాం. నడక, ఆటలు, కర్రలు తాళ్లతో కట్టే పయనీరింగు, ఏదైనా తొమ్మిదిన్నరకు అయిపోవాల. పదకొండు నుంచి నాలుగు దాకా చెట్ల కింద. క్లోవ్ హిచ్చు, బౌలైను లాంటి తాడు ముడులు, ప్రథమ చికిత్స, మ్యాపు చదవడం, అన్నీ కూర్చుని చేసేవి అప్పుడే. నిద్రపోయినా నేనేమనను. మధ్యాహ్నం ఏం చేయించరా, మా డబ్బులు దండగా అని పోయినేడు ఒకాయన అడిగినాడు. అన్నా, మధ్యాహ్నం పూట కొండ మీద కోతి కూడా కదలదు. మీ అబ్బాయిని ఎందుకు కదపమంటారు?

నా తప్పు ఒకటి

ఇప్పుడు నా కథ ఒకటి చెప్తాను. గొప్ప కథ కాదు, తప్పు కథ. ఉద్యోగంలో చేరిన కొత్త, నేను గైడ్ కెప్టెన్ అయిన రెండో ఏడాది. ఏప్రిల్లో ఒక ర్యాలీకి ప్రాక్టీసు. పదిన్నర దాటింది, మైదానంలో గైడ్లను సావధాన్‌లో నిలబెట్టినాను. అతిథి రావడం ఆలస్యమైతే ఎట్లా నిలబడాలో నేర్పిస్తున్నానన్నమాట. ముందు వరుసలో ఒక పిల్ల, పన్నెండేళ్లుంటాయి. కదలదు, మెదలదు. బొమ్మలా నిలబడింది. అందరూ దీన్ని చూసి నేర్చుకోండి అన్నాను. నా నోటితోనే అన్నాను. రెండు నిమిషాలకు ఆ పిల్ల ముందుకు పడింది. చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు, గడ్డం పగిలింది. మొహం తెల్లగా పాలిపోయి, ఒళ్లంతా చెమట.

నీడలోకి మోసుకుపోయి నీళ్లు చల్లినాం, కాళ్లు ఎత్తి పెట్టినాం, లేచింది. గడ్డానికి నాలుగు కుట్లు పడినాయి. సాయంత్రం వాళ్లింటికి పోయి, ఎందుకమ్మా చెప్పలేదు తల తిరుగుతోందని అంటే, ఆ పిల్ల ఏమందో తెలుసా? చెప్తే మీరు బాగా నిలబడినావు అన్నది తీసేసుకుంటారు కదా టీచర్ అనింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఓర్చుకోవడం మంచి గుణమని మనమే నేర్పుతాం. దెబ్బ తగిలితే ఏడవొద్దు, ఆకలైతే అడగొద్దు, ఆడపిల్లవి సర్దుకో, మగపిల్లాడివి ఓర్చుకో. మరి చలి, ఆకలి, నొప్పి, వీటిలో ఓర్చుకోవడానికి కొంత చోటుంది. ఎండలో లేదు. ఎండలో ఓర్చుకున్న పిల్లే ముందు పడిపోతుంది. ఎందుకంటే వడదెబ్బ ముదిరేసరికి ముందు పోయేది తెలివి. నాకు బాగలేదు అని చెప్పే తెలివి కూడా ఉండదు అప్పటికి.

అందుకని అప్పటినుంచి నా క్యాంపుల్లో జంటలు. ఇద్దరికిద్దరు. విజిల్ వేసినప్పుడు నీళ్లు తాగి, ఎదుటి పిల్ల మొహం చూసి ఒక ప్రశ్న అడగాల. ఏం తిన్నావు పొద్దున? జవాబు తేడాగా వచ్చిందా, మాట తడబడిందా, ఊరికే చిరాకు పడుతోందా, చెయ్యెత్తి పిలవాల. ఎప్పుడూ వాగే పిల్ల గమ్మున కూర్చుందంటే కూడా పిలవాల. పిలిచినందుకు తిట్టను. ఊరికే పిలిచినా తిట్టను. అబద్ధానికి పిలిస్తే? ఒకసారి తిట్టను.

ఎండ దెబ్బ మూడు రకాలుగా వస్తుంది, పిల్లలూ ఇది మీకు. పిక్కలు, కడుపు కండరాలు పట్టేస్తే ఆట ఆపి, నీడలో కూర్చుని ఉప్పు మజ్జిగ. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, ఒళ్లు జివ్వుమని చెమట, నిలబడితే కళ్లు తిరగడం, ఇదైతే పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, తడిపి, విసరాల, తాగగలిగితే తాగించాల. అరగంటలో తేరుకోకపోతే ఆస్పత్రికి. మూడోది, ఒళ్లు కాలిపోతూ, పిచ్చి మాటలు, తూలుడు, ఫిట్సు, స్పృహ తప్పడం. ఒళ్లు పొడిగా ఉండొచ్చు, చెమటగా కూడా ఉండొచ్చు, చెమట ఉంది గదా వడదెబ్బ కాదులే అనుకోవద్దు. లోపలి వేడి 40 డిగ్రీలు దాటిపోయి ఉంటుంది. అప్పుడు ఏం చేస్తారు?

108కు ఫోన్. అవును, ఒకరు ఫోన్ చేయాల. మిగతా వాళ్లు? బండి వచ్చేదాకా చూస్తూ నిలబడతారా? ముందు తడపాల. బక్కెట్లతో నీళ్లు పోయాల, విసరాల, ఐసు ఉంటే గుడ్డలో చుట్టి మెడకు, చంకల్లో, గజ్జల్లో. బండి ఎక్కించినాక కూడా తడుపుతూనే ఉండాల. ఆ పది, ఇరవై నిమిషాలే ప్రాణం నిలబెడతాయి. నోట్లో నీళ్లు పోయొద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర వేయొద్దు, ఇది జ్వరం కాదు, ఆ మాత్ర దీనికి పని చేయదు.

తల్లిదండ్రులు ఫారం నింపేటప్పుడు నిజాలు రాయండి. ఆయాసం ఉందా, ఫిట్సు ఉన్నాయా, ఏ మాత్రలు వాడుతున్నారు. కొన్ని జలుబు మాత్రలు చెమటను తగ్గిస్తాయి. పెళ్లి సంబంధానికి రాసినట్టు అన్నీ బాగున్నాయని రాయొద్దు.

రాత్రి సంగతి. గుడారాలు వేయడం నేర్పుతాం, అందులో సామాన్లు పెట్టుకుంటారు. పడుకునేది మాత్రం బయట, మంచాల మీద, దోమతెర కట్టుకుని, తెర అంచులు పరుపు కిందికి దోపుకుని. ఇది దోమల కోసం ఒకటే కాదు. మన శేషాచలం అంచుల్లో కట్లపాము ఉంది. అది రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్న వాళ్లను కాటేస్తుంది, చాలాసార్లు నొప్పే తెలియదు, గుర్తు కూడా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం ఉంటే రాత్రి తిన్నది పడలేదులే అనుకోకుండా ఆస్పత్రికి పరుగెత్తాల. తాడు బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, ఆకు పసరు వద్దు. కాటు పడిన చెయ్యో కాలో కదలకుండా బద్ద కట్టి, గాజులు, గొలుసులు తీసేసి, తిరుపతి రుయా ఆస్పత్రికి. విషానికి విరుగుడు మందు ఉండేది ఆస్పత్రిలోనే. రాత్రి ఒంటికి పోవాలంటే టార్చి, చెప్పులు, జంట. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్లు ఉంటాయి.

క్యాంప్‌ఫైరు గురించి పిల్లలు అప్పుడే గుసగుసలు మొదలుపెట్టినారు. మంట ఉండదు. ముందే చెప్తున్నాను, ఉండదు. 2014 మార్చిలో తిరుమల కొండల్లో అడవి అంటుకుంటే ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది, పెద్దోళ్లకు గుర్తుండే ఉంటుంది. ఎండిన బోద, రాలిన ఆకు, సాయంత్రం గాలి. ఒక్క నిప్పురవ్వ చాలు. ఎర్రచందనం చెట్టు పెరగడానికి ఎన్ని పదుల ఏళ్లు పడుతుందో తెలుసు గదా. నడి మధ్యలో నాలుగు లాంతర్లు పెట్టుకుని పాటలు పాడుకుందాం, వేషాలు వేసుకుందాం. ఆ ఎండల్లో మంట చుట్టూ కూర్చోవాలని మీకు ఎందుకప్పా అంత ఆశ?

మే నెలలో సాయంత్రాలు ఉన్నట్టుండి మామిడి జల్లు, ఉరుములు వస్తాయి. ఉరిమిందంటే చెట్టు కింద ఎవరూ ఉండకూడదు, షెడ్డులోకి. ఎండిన వంకలో మంచం వేయొద్దు, కొండ మీద పడిన వాన చెప్పి రాదు. తోపు పక్కన బావి ఉంది, దాని దగ్గరికి పోయిన వాళ్లను అదే రోజు ఇంటికి పంపిస్తాను. ఈత వచ్చిన వాళ్లను కూడా. ఈత వచ్చిన వాళ్లనే ముందు పంపిస్తాను.

ఏమ్మా, ఆ చివర అవ్వ ఏదో అడుగుతున్నారు. గట్టిగా అడగండి. ఊఁ. నీళ్లు ఎక్కువ తాగితే అన్నం తినడు, ఎట్లా అంటున్నారు. అవ్వా, అన్నానికి ముందు అరగంట తాగించకండి, మిగతా రోజంతా తాగించండి. అయిదు రోజులు కొంచెం తక్కువ తిన్నా మీ మనవడు చిక్కిపోడు, నేను పూచీ.

ఇంకెవరైనా? లేకపోతే వచ్చే ఆదివారం సాయంత్రం అయిదుకు ఇక్కడికే. బ్యాగు సర్దుకుని రావాల, సర్దేది పిల్లలే, అమ్మలు కాదు. దోమతెర నేనే కట్టించి చూస్తాను, నాలుగు నిమిషాల్లో కట్టలేని వాళ్లు మళ్లీ కట్టాల. ఫారాలు ఆ బల్ల మీద ఉన్నాయి. ఇప్పుడు లేవండి, కుండ దగ్గర వరస కట్టండి, చిన్నోళ్లు ముందు. గ్లాసు ఎత్తి తాగండి, మూతి పెట్టొద్దు. దప్పిక కాలేదు మేడమ్ అని ఎవరన్నారు? నువ్వు అందరికన్నా ముందు నిలబడు.